పసుపు పైపు, కుంకుమ పైపు

శనివారం తెల్లారింది. చినబాబు పెట్టిన గడువుకి ఇంకొక్క రోజు మిగిలింది.

ఇక్కడిదాకా వచ్చిన కథ మరిచిపోయినవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి. ఏడాదిన్నర కిందట హైవే మీద లారీ గుద్ది మా అబ్బాయి చినబాబుకి కుడికాలు మోకాలి కింద పోయింది. పెట్టుడు కాలు వేయించాం. నడుస్తాడు, సంతకి పోయి వస్తాడు. ట్రాక్టరు మాత్రం ఎక్కడు. మాది చిన్న ట్రాక్టరు. దాని వెనక పల్టీ నాగలి. నాగటి చాలు చివరికి వచ్చిన ప్రతిసారీ కిందికి దిగి, పిన్ను లాగి, నాగలిని చేతులతో బోర్లా తిప్పి మళ్లీ ఎక్కాలి. పెట్టుడు కాలితో ఆ మట్టిపెళ్లల మీద దిగడం ఎలా అన్నదే వాడి బాధ అని నేను అనుకున్నాను. సీట్లో కూర్చునే నాగలి తిప్పుకునేలా వెనక వైపు హైడ్రాలిక్ పైపులు నేనే బిగిస్తానన్నాను. ఈ బండికి కుదరదని మెకానిక్కు అన్నాడు. చేతకాదని చెప్పడానికి అదొక మర్యాద మాట. చినబాబు నా మాట నమ్మలేదు. బండి కొని తోలుకుపొమ్మని పాతపట్నం ధర్మేంద్రకి మాటిచ్చేశాడు. ఆదివారం పొద్దున అతను వస్తాడు. ఈలోపు వీడు సీటెక్కితే బండి ఉంటుంది. లేకపోతే పోతుంది. బండి పోతే వాడు ఇక అరుగు మీంచి లేవడు. అది నాకు తెలుసు.

నాకు తోడుగా ఉన్నవాడు గంగులు. చినబాబు భార్య, మా కోడలు నీలవేణికి తండ్రి. శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. విశాఖ హార్బరులో మరబోటు ఇంజను డ్రైవరు. వేట నిషేధం నెలల్లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి కాబట్టి ఖాళీగా ఉన్నాడు. నేను పిలవలేదు. కూతురు పిలిచింది, వచ్చాడు.

నాలుగేళ్ల కిందట ఈ సంబంధం నాకు ఇష్టం లేదు. మేం చేను దున్నేవాళ్లం, వాళ్లు చేపలు పట్టేవాళ్లు, అదొకటి. గంగులు ఎడమచేతికి రెండు వేళ్లు లేవు, అదింకొకటి. నాటుబాంబు పేల్చి చేపలు పట్టే దొంగవేటలో పోయాయని ఎవరో అన్నారు. నమ్మాను. నా భార్య ధనలక్ష్మి మాత్రం ఒక్కతే వాళ్లింటికి వెళ్లి, చేపల పులుసుతో అన్నం తిని, సంబంధం ఖాయం చేసుకుని వచ్చింది. అప్పటినుంచీ నేను గంగులుని ఒక్కసారి కూడా బావ అని పిలవలేదు. అతను మాత్రం నన్ను పిలుస్తూనే ఉన్నాడు.

"బావా, టీ తాగినావేటి?"

"తాగినాను."

"నాకేదీ?"

"నీ కూతుర్నడుగు."

"అది నీ ఇంటి మనిసయిపోనాది. సెక్కర ఎయ్యడం కూడా మానేసినాది."

ఇలా ఉంటుంది అతని ధోరణి. ఆరు రోజులుగా భరిస్తున్నాను.

నూనెని నాగలి వైపు మళ్లించడానికి మేం బిగించే వాల్వు కొత్తవలసలో పాత ఇనుము కొట్లో దొరికింది. దాని మీద ఏ రంధ్రం దేనికో చెప్పే అక్షరాలు అరిగిపోయాయి. గురువారం గంగులు ఒక్కొక్క రంధ్రానికీ నోరు ఆనించి ఊది, లివరు కదిపి, ఏది లోపలికో ఏది బయటికో తేల్చాడు. పంపు నుంచి నూనె తెచ్చే పైపు లోపలికి. పని అయిన నూనెను వెనక్కి తీసుకుపోయే పైపు బయటికి. రెండు పైపులూ ఒకే లావు, ఒకే నలుపు. గుర్తు పెడదామంటే రంగు డబ్బా ఎండిపోయి ఉంది. ఇంట్లో రంగున్నవి రెండే. అవి దేవుడి గూట్లో ఉన్నాయి. ధనలక్ష్మి పోయి రెండేళ్లయింది. ఆమెను తీసుకుపోయినవాడికి నేను దీపం పెట్టను. ఆ గూటి వైపు వెళ్లనే లేదు. గురువారం మాత్రం చెయ్యి పెట్టి చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ తీసుకుని నూనెలో తడిపాను. నూనె తెచ్చే పైపుకి పసుపు బొట్టు, తీసుకుపోయే పైపుకి కుంకుమ బొట్టు. వాల్వు రంధ్రాల దగ్గర కూడా అలాగే. తరవాత మరలు బిగించిన చోట నూనె కారుతోందని మళ్లీ అన్నీ విప్పి, బొట్లు చెరగకుండా తుడిచి, పరదా కింద పెట్టాం.

శనివారం పొద్దున ఆ పరదా ఎత్తి చూశాను. ప్రతి పైపుకీ పసుపు ఉంది, కుంకుమ ఉంది. వాల్వు చుట్టూ బొట్లు. నాగలికి, చక్రాలకి, ఆఖరికి పానాల పెట్టెకి కూడా బొట్లు.

ఎవరు పెట్టారని అడగలేదు. అడగడం నాకు అలవాటు లేదు. గంగులు నూనె డబ్బా కోసం వెళ్లాడు. అతను తిరిగి వచ్చేలోగా నా జ్ఞాపకం మీద నమ్మకంతో రెండు పైపులూ బిగించేశాను.

వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గుర్తులు సూసే బిగించినావా బావా?"

"సూసే బిగించినాను."

"ఓపాలి ఊది సూద్దుమా?"

"నూనె తాగాలనుంటే డబ్బా నీ సేతిలోనే ఉన్నాది."

నవ్వి ఊరుకున్నాడు.

ఇంజను స్టార్టు చేశాను. కొత్త లివరును అప్పటికే కుడి మడ్‌గార్డుకి బిగించి ఉంచాను. సీట్లో కూర్చున్న చినబాబు చెయ్యి ఎంత దూరం అందుతుందో వాడు నిద్రపోతున్నప్పుడు తాడుతో కొలిచి, ఆ కొలతకి పెట్టాను. కింద నిలబడి లివరు లాగాను. నాగలి కదల్లేదు. ఇంజను గొంతు మారింది. బరువు లాగలేని ఎద్దులా మూలిగింది. ఇంకాస్త లాగాను. వాల్వు కింద, పైపు మెడ దగ్గర, సన్నగా పొగలాంటిది లేచింది. పొగ కాదు, నూనె. ఎక్కణ్నుంచి వస్తోందో తడిమి చూద్దామని చెయ్యి చాపాను.

చెయ్యి అక్కడిదాకా పోలేదు. వెనకనుంచి చొక్కా పట్టుకుని ఎవరో లాగి పారేశారు. దుమ్ములో వెల్లకిలా పడ్డాను. గంగులు నా మీంచి దాటి వెళ్లి ఇంజను ఆపాడు.

"సెయ్యెడతావా? దాని మీద సెయ్యెడతావా నువ్వు?"

నా ఒంటి మీద చెయ్యి వేసినవాడు మా నాన్న ఒక్కడే. ఆయన పోయి ముప్ఫై ఏళ్లయింది. గుమ్మంలో నిలబడి కోడలు చూస్తోంది. గోడ అవతల నుంచి పక్కింటి అప్పలసూరి తల పైకెత్తాడు.

"ఏటి అసిరయ్యా, పడిపోనావేటి?"

"నీ పని సూసుకో."

లేచాను. పానా నా చేతిలోనే ఉంది.

"నా వాకిట్లో నా మీద సెయ్యేస్తావా?"

"ఏస్తాను. మల్లీ ఎడితే మల్లీ ఏస్తాను." గంగులు అంత గట్టిగా అరవడం నేను అంతవరకూ వినలేదు. "పానాతో కొడతావా? కొట్టు. ముందు ఇది సూసి, అప్పుడు కొట్టు."

నూనె డబ్బా వచ్చిన అట్టపెట్టెలోంచి ఒక ముక్క చింపాడు. దాన్ని వెదురుకర్ర చివర గుచ్చి, దూరంగా నిలబడి ఆ పైపు మెడ దగ్గర పట్టుకున్నాడు. నీలవేణిని ఇంజను స్టార్టు చెయ్యమన్నాడు. ఇంకో కర్రతో లివరును కాస్త తోశాడు. పొగ లేచింది. ఇంజను ఆపించి అట్ట తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. నడిమధ్యన బెజ్జం. దబ్బనంతో పొడిచినట్టు ఉంది.

"నీ సెయ్యి అట్ట కన్నా గట్టిదా బావా?"

అతను ఎడమచెయ్యి చాపాడు. రెండు వేళ్లు లేని చెయ్యి.

"బోటు మీద వల లాగే మిషను ఉంటాది. దానికీ ఇవే పైపులు. ఇలాగే పొగొచ్చింది. ఎక్కడా అని తడిమినాను. సీమ కుట్టినట్టయినాది, అంతే. రగతం కూడా రానేదు. పొద్దోయేసరికి సెయ్యి ఆనపకాయలాగ ఉబ్బిపోనాది. ఆసుపత్రిలో కోసి సూస్తే లోపలంతా నూనే. రెండు వేళ్లు తీసేస్తేగాని సెయ్యి దక్కనేదు."

"నాటుబాంబన్నారు కదా..." నోరు జారింది.

"బాంబా? నానా?" కళ్లు ఇంత చేశాడు. "ఎవులు సెప్పినారు?"

చెప్పినవాడి పేరు గుర్తులేదు. నమ్మినవాడి పేరు మాత్రం నాకు బాగా తెలుసు.

"నా బతుకంతా ఇంజను కాడే బావా. నాకు వలెయ్యడమే రాదు. మా ఊల్లో పిల్లగుంటలు కూడా నన్ను సూసి నవ్వుతారు. బాంబట బాంబు!" తరవాత మెల్లగా అన్నాడు. "అక్క అడిగినాది. సంబంధం మాటాడ్డానికొచ్చిన రోజే, అన్నం కాడ నా సెయ్యి సూసి 'ఏటయినాది తమ్ముడా' అన్నాది. సెప్పినాను. తినీదల్లా కంచం పక్కన పెట్టేసి ఏడిసినాది. నువ్వడగనేదు."

ధనలక్ష్మి ఇంటికి వచ్చి ఈ సంగతి నాకు చెప్పలేదు. చెప్పినా నేను వినేవాణ్ని కాదు. ఆమెకి నా సంగతి తెలుసు.

పానా పెట్టెలో పడేశాను. ఏం చెయ్యాలో తోచక అట్టకి పడిన బెజ్జంలోంచి అవతలికి చూశాను. అవతల నీలవేణి కనిపించింది. ఏడుస్తోంది.

"మావా, తప్పు నాదేనేమో. గుర్తులంటే ఆ బొట్లేనా?"

"నీదేటి?"

"నిన్న సుక్కురోరం కదా. తానం సేసొచ్చి సూస్తే పైపులకి నువ్వు బొట్లెట్టి ఉన్నావు. అత్తమ్మ పోనాక నువ్వు దేవుడి గూట్లో సెయ్యెట్టింది అదే. నాకు ఎంత సంతోసమయినాదో. మావ మొదలెట్టినాడు కదాని మిగతావాటికి నానెట్టేసినాను. ఆరతి కూడా ఇచ్చినాను."

గంగులు నా ముఖం చూశాడు. కూతురి ముఖం చూశాడు. పైపు ఎత్తి దాని మీద పక్కపక్కనే ఉన్న రెండు బొట్లు చూశాడు. తరవాత ఉన్నచోటే చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు.

"ఓలమ్మో! నీ మావ దేవుడికెట్టనేదే పిల్లా! పైపుకెట్టినాడు! పైపుకి!"

నాకూ నవ్వు వచ్చింది. ఆపుకోబోతే దగ్గు అయింది. నీలవేణి పరుగున వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు ఇస్తూ భయంగా నా వైపు చూసింది. ఈ పిల్ల ఆ నమ్మకంతో ఒక రోజంతా సంతోషంగా ఉంది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

"పూజ బాగానే సేసినావమ్మా. గుర్తులు కలిసిపోనాయని తెలిసీ, సూసే బిగించినానని అబద్దమాడింది నాను."

గంగులు కళ్లు తుడుచుకుంటూ లేచాడు.

"అయితే మల్లీ ఊదాలి."

"ఊదు బావా," అన్నాను.

వాల్వు విప్పి నోటి దాకా తీసుకుపోయిన గంగులు ఒక్క క్షణం ఆగాడు. ఊదాడు. ఒకసారి ఊదితే సరిపోయే దానికి మూడుసార్లు ఊదాడు.

నేను రెండూ తారుమారుగా బిగించాను. నూనెకి పోయే దారి లేక పైపు మెడ చీల్చుకుంది. ఆ పైపు తీసేసి ట్రాలీ ఎత్తే పైపు విప్పి తెచ్చాం. ఈసారి గుర్తుకి తీగ చుట్టాం. మరలు గంగులు ఒకసారి బిగిస్తే నేను ఇంకోసారి బిగించాను. నేను బిగించింది చూసి అతను మళ్లీ బిగించాడు. ప్రతి కీలు కిందా అట్టముక్క పట్టి చూశాం. ఎక్కడా తడి లేదు.

లివరు లాగాను. నాగలి కాస్త అదిరింది. తరవాత నిద్రలో పిల్లవాడు పక్కకి ఒత్తిగిలినట్టు మెల్లగా తిరిగింది. పైనున్న కొర్రులు కిందికి వచ్చాయి. కిందవి పైకి పోయాయి. టక్కుమని కూర్చుంది.

"వారెవా!" అన్నాడు అప్పలసూరి. ఇంకా గోడ మీదే ఉన్నాడు.

అప్పుడు అరుగు మీంచి చినబాబు లేచాడు. పొద్దున్నుంచీ అక్కడే కూర్చుని, ఫోను చూస్తున్నట్టు నటిస్తూ అంతా వింటున్నాడు. వాడి నడక చప్పుడు నాకు తెలుసు. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు గట్టిగా. బండి దగ్గరకి వచ్చి మామ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏటి మావా, మా నాన్నని కిందడేసినావంట?"

"అడేసినాను. నీకూ కావాలేటి?"

వాడు నవ్వాడు. ముందు ఎడమకాలు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని పైకి లాక్కున్నాడు. సాయం పట్టబోయిన నీలవేణిని కళ్లతోనే ఆపాను. సీట్లో కూర్చున్నాడు. చెయ్యి దానంతటదే లివరు మీదికి వెళ్లింది. లాగాడు. నాగలి తిరిగింది. మళ్లీ లాగాడు. తిరిగింది. నాలుగుసార్లు తిప్పాడు.

"బాగున్నాది నాన్నా. సేతికి అందుతన్నాది."

"అయితే దర్మేంద్రకి రావద్దని ఫోను సెయ్యి."

చెయ్యలేదు. తల వంచి కింద చూస్తూ కుడికాలు బ్రేకు మీద పెట్టాడు. కాలు సరిగ్గా పడిందో లేదో కళ్లతో చూసి, అప్పుడు తొక్కాడు.

"దిగడం కాదు నాన్నా నా బయం. ఈ కాలికి తెలీదు. బ్రేకు మీదున్నానో నేదో, ఎంత తొక్కినానో, దానికేటీ తెలీదు. సూసి తొక్కాలి. దున్నుతన్నంత సేపు పరవానేదు. నాగలి నేలలో ఉంటాది, బండిని అదే పట్టుకుంటాది. సాలు సివర నాగలి లేపినాక బండికి ఆ పట్టు పోతాది. మన మెట్ట సేను సివర గెడ్డలోకి వాలు. అక్కడ నాను ఎనక్కి తిరిగి నాగల్ని సూడాలా, కిందకి వంగి కాల్ని సూడాలా?"

మా చేను చివర పారే వాగే ఆ గెడ్డ. అప్పలసూరి తల గోడ కిందికి దిగిపోయింది.

"ఇన్నాళ్లూ సెప్పనేదేట్రా?"

"నువ్వడగనేదు."

ఒకే పూట ఇద్దరు ఒకే మాట అన్నారు. గంగులు ముఖం పక్కకి తిప్పుకుని, అవసరం లేని ఒక మర బిగించసాగాడు. పైపులు కొలిచాను. వాడు నిద్రపోతుంటే చెయ్యి కొలిచాను. మెలకువగా ఉన్నప్పుడు ఒక్క మాట అడగలేదు.

"ఇచ్చేద్దుం," అన్నాను. "దర్మేంద్రకే ఇచ్చేద్దుం. ఆ గెడ్డ కాడికి నువ్వెల్లొద్దు."

వాడు దిగలేదు. లివరు మీద చెయ్యి తియ్యలేదు.

"ఒక్క సాలు, నాన్నా."

"ఒద్దు."

"నానెనక్కి సూడను. నా కల్లు కాలి మీదే ఉంటాయి. సాలు సివర బ్రేకు తొక్కుతాను, నాగలి లేపుతాను, లివరు లాగుతాను. నువ్వు పక్కన నడు. నాగలి తిరిగి కూకున్నాక 'తిరిగినాది' అని కేకెయ్యి. నీ కేక వినేదాకా నాను తలెత్తను."

గంగులు వైపు చూశాను.

"నీ కొడుకు. నువ్వే సెప్పు బావా," అన్నాడు.

చివరికి చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టాను.

మెట్ట చేను ఇంటి వెనకే. మొన్నటి వానకి నేల మెత్తబడి ఉంది. చినబాబు నాగలి దించాడు. మట్టి తెగి పక్కకి ఒరిగింది. నేను తోలితే పాములా మెలికలు తిరిగే చాలు వాడి చేతిలో తాడు పట్టినట్టు సాగింది. ఏడాదిన్నర తరవాత కూడా. పక్కన నడుస్తున్నాను. ఇంజను హోరులో వాడు ఏదో పాడుతున్నాడు. ఏం పాటో వినిపించలేదు. పెదవులు కదలడం కనిపించింది. వెనకాల గంగులు, గట్టు మీద నీలవేణి.

చాలు చివరికి వచ్చాం. అక్కణ్నుంచి నేల గెడ్డలోకి వాలిపోతుంది. పాట ఆగింది. వాడు తల వంచి కాలు చూసుకున్నాడు. తొక్కాడు. బండి వెనక బ్రేకు ఎర్రదీపం వెలిగింది. బండి నిలబడింది.

నాగలి నేల విడిచింది. వాడి చెయ్యి కొత్త లివరు లాగింది. నాగలి ఒత్తిగిలింది, నిలువుగా లేచింది. అక్కడే ఆగిపోయింది. అటూ పడలేదు, ఇటూ పడలేదు. అంత ఇనుమూ గాలిలో నిలబడి సన్నగా వణుకుతోంది.

ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. అయినా తడి మట్టి మీద వెనక చక్రం జానెడు జారింది.

ఏ కేక వెయ్యాలో మేం అనుకున్నాం. ఇలాంటప్పుడు ఏమని అరవాలో అనుకోలేదు. లివరు వదలమంటే నాగలి ఎటు పడుతుందో తెలియదు. పట్టుకోమంటే బండి ఎంతసేపు నిలుస్తుందో తెలియదు. చక్రం మళ్లీ జారింది.

వాడు తల ఎత్తలేదు. నా గొంతు కోసం ఎదురు చూస్తున్నాడు.